అద్దంలో నిలబడ్డ నీళ్ళు



ధర్మపురి అనగానే మీలో చాలామందికి గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి గుడి గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ ధర్మపురి కాదు. సేలం నుంచి బెంగుళూరు వైపు వస్తూ తొప్పూరు కనుమ ఎక్కితే వచ్చే తమిళనాడు ధర్మపురి మాది. పూర్వం దీన్ని తగడూరు అనేవాళ్ళు. 1965లో సేలం జిల్లా నుంచి విడిపోయి సొంతంగా జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి దీన్నుంచి వేరుపడింది. మాలాంటి తెలుగు ఇళ్ళు ఈ నేలమీద తరతరాలుగా ఉన్నాయి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, హోసూరు అవతలి నుంచి బేరగాళ్ళొస్తే కన్నడం. పట్టుగూడును తమిళులు కూడు అంటారు, మనం గూడు అంటాం. ఒక్క అక్షరం తేడా. మాకు అన్నం పెట్టేది ఆ గూడే.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుదారం తీసే పని నడుస్తుంది. మా నాయన కాలంలో మట్టి పొయ్యి మీద నీళ్ళ బాన, పక్కన చరఖా. నా కాలానికి ఆవిరి బాయిలర్ వచ్చింది. నిలువుగా, మనిషికన్నా జానెడు ఎత్తు ఉంటుంది. లోపల రెండు వందల లీటర్ల నీళ్ళు పడతాయి, కింద కట్టెల మంట. గంటకు వంద లీటర్ల నీళ్ళను ఆవిరి చేస్తుంది. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఈ బాయిలర్ గురించి. వారానికోసారి దాని ఆటోమేటిక్ మీట తిప్పేసి, మనిషి దగ్గర నిలబడి, చేత్తో నడిపి, దాని ప్రతి అవయవాన్నీ పరీక్ష చేసుకోవడం గురించి. ఆ పని మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఒకప్పుడు మాదీ అలాంటి ఇల్లే.

మానేయడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. పట్టుపురుగు గూడు కట్టుకున్నాక వారం పదిరోజుల్లో లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి గూడు చిల్లుపొడుచుకొని బయటికొస్తుంది. చిల్లుపడ్డ గూడులో దారం తెగిపోతుంది, అది ఇక రీలింగుకు పనికిరాదు. అందుకని మార్కెట్లో గూళ్ళు కొని ఇంటికి తెచ్చిన గంట నుంచి గడియారం మొదలవుతుంది. వేడిగాలికో ఆవిరికో పెట్టి లోపలి పురుగును చంపాలి. తర్వాత గూళ్ళను దాదాపు మరిగే నీళ్ళల్లో ఉడికించాలి. పట్టుపోగుకు పైన సెరిసిన్ అనే జిగురు ఉంటుంది, పోగు బరువులో సుమారు నాలుగో వంతు అదే. ఆ జిగురు మెత్తబడితేనే కొస దొరుకుతుంది. మంచి గూడైతే ఒక్కొక్క దాంట్లో వెయ్యి మీటర్లకు పైగా పోగు ఉంటుంది. ఏడెనిమిది గూళ్ళ కొసలు కలిపి తిప్పితే వెంట్రుకకన్నా సన్నటి దారం. ఏడు కిలోల గూళ్ళకు ఒక కిలో పట్టు వస్తే ఆ రోజు పని బాగా సాగినట్టే. నీళ్ళ వేడి కాస్త తగ్గితే కొసలు రావు, ఎక్కువైతే గూడు గుజ్జయిపోతుంది. కాబట్టి ఆవిరి ఆగకూడదు, ఒకే తీరున రావాలి. షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు తొట్ల ముందు కూర్చుని ఉంటే, "ఈ పూట బాయిలర్ ఆపి కాక్‌లు తిప్పి చూసుకుంటాను" అనడానికి నోరు రాదు. వచ్చే వారం చూద్దాంలే అనిపిస్తుంది. వచ్చే వారానికి ఇంకో సంచి గూళ్ళు వచ్చి కూర్చుంటాయి.

బాయిలర్ పేలితే అంత విధ్వంసం ఎందుకో చాలామందికి తెలియదు. ఆవిరి గట్టిగా తోస్తుంది కాబట్టి అనుకుంటారు. అసలు ప్రమాదం ఆవిరిలో కన్నా నీళ్ళల్లో ఉంది. మన ఇంట్లో గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూతబిగించి చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ఒత్తిడి పెడితే అవే నీళ్ళు 143 డిగ్రీల దాకా పోతేనే మరుగుతాయి. ఇనప గోడ పట్టుకొని ఉన్నంతసేపూ ఆ అదనపు 43 డిగ్రీల వేడి నీళ్ళ కడుపులోనే ఉంటుంది. గోడ చీలిందా, ఒత్తిడి పోతుంది, నీళ్ళు 100 డిగ్రీలకు దిగాలి, ఆ మిగులు వేడికి నీళ్ళల్లో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము నీటిని ఆవిరి చెయ్యడానికి 540 కెలోరీలు కావాలి. 43 డిగ్రీలు దిగే గ్రాము నీళ్ళు వదిలేది 43 కెలోరీలు. 43ని 540తో భాగిస్తే వందకు ఎనిమిది పాళ్ళు. రెండు వందల లీటర్లలో అది పదహారు లీటర్లు. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే 1600 లీటర్ల పైచిలుకు చోటు కావాలి. అంటే కన్ను మూసి తెరిచేలోగా మా షెడ్డులో పాతిక వేల లీటర్ల ఆవిరి పుడుతుంది. రేకులు ఎగిరిపోయాయి, గోడలు కూలాయి అని పేపర్లో చదివినప్పుడు దాని వెనక ఉన్నది ఈ గుణకారాలూ భాగహారాలే.

మన స్నానాల గదుల్లో ఉండే రాగి బాయిలర్, మధ్యలో బొగ్గుల గొట్టం, పక్కన కుళాయి, అది వేరు. దాని నెత్తి తెరిచి ఉంటుంది, ఒత్తిడి పుట్టదు. వంటింటి కుక్కర్ మాత్రం మా బాయిలర్‌కి చిన్న చెల్లెలు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన ఎముకలు మెత్తగా ఉడికించే మూతగిన్నె చేశాడు. ఆవిరి ఎక్కువైతే దానంతటదే లేచి వదిలేసేటట్టు బరువు వేలాడదీసిన మూతను దానికి అమర్చాడు. ఈ రోజు మీ కుక్కర్ మీద కూర్చునే బరువూ, మా బాయిలర్ నెత్తిన ఉండే సేఫ్టీ వాల్వూ ఆ వంశంవే. కుక్కర్ బరువు పెట్టే ముందు గొట్టంలో పప్పు పొట్టు ఇరుక్కుందేమో ఒక్కసారి వెలుతురుకు పట్టి చూసే అలవాటు మీకుంటే, నేను చెప్పబోయేదంతా మీకు సగం తెలిసినట్టే.

ఇక మా ఊరి నీళ్ళ సంగతి. నల్గొండ వాళ్ళకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పనక్కర్లేదు. మాదీ అదే గోడు. పెన్నాగరం, పాలక్కోడు వైపు ఊళ్ళల్లో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు చూస్తూ పెరిగాం. ఎండాకాలం బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు అంత చెడ్డవి. జపాన్ సంస్థ అప్పుతో హొగెనకల్ కావేరి నీళ్ళ పథకం వచ్చి 2013లో మొదలయ్యాక తాగడానికి మంచినీళ్ళు అందాయి. బాయిలర్‌కి పోసేది మాత్రం బోరు నీళ్ళే. ఆ నీళ్ళల్లో బాయిలర్‌కి శత్రువు ఫ్లోరైడ్ కాదు, సున్నం.

తాగే నీళ్ళల్లో గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మేలని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మా బోరు నీళ్ళు ఆ 600 దగ్గరే ఉన్నాయనుకుందాం. గంటకు వంద లీటర్లు, రోజుకు ఎనిమిది గంటలు, ఎనిమిది వందల లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరి స్వచ్ఛమైనది, సున్నాన్ని వెంట తీసుకుపోదు. 480 గ్రాములు లోపలే దిగబడతాయి. రోజుకు అర కిలో. నెలకు పాతిక రోజులు పనిచేస్తే పన్నెండు కిలోలు. కొంత బురదగా అడుగున కూర్చుంటుంది, కొంత మంట పోయే లోపలి గొట్టాల మీద పెంకులా కడుతుంది. అన్నం గిన్నెకు మాడు పట్టినట్టు. మాడు పట్టిన గిన్నెలో మంట అడుగుకు తగులుతుంది గానీ లోపలి అన్నానికి చేరదు కదా. అలాగే ఆ పెంకు వెనక ఉన్న ఇనుముకు నీళ్ళ చల్లదనం అందదు. ఇనుము కాలిపోతుంది. పైగా కట్టెలు ఎక్కువ తింటుంది. ఇంకో కీడు కూడా చేస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

దాన్ని ముందే చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. రైల్వేలో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన, మా వీధి తెలుగాయనే, అందరం తాతా అనేవాళ్ళం. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో చిన్న పట్టాల మీద ఆవిరి రైలు వచ్చింది. 1913లో అది హోసూరు దాకా పోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ దారి ఎత్తేశారు. వాళ్ళ నాయన ఆ రైలు ఎక్కాడని, ఆ మోజులోనే తాను ఇంజన్ పనికి పోయానని ఆయన చెప్పుకునేవాడు. మా షెడ్డుకు బాయిలర్ వచ్చిన కొత్తలో చూడ్డానికొచ్చాడు. చుట్టూ తిరిగాడు. గోడకు తగిలించిన పంపు కంట్రోలు పెట్టె చూశాడు. నీళ్ళు తగ్గితే పంపు దానంతటదే నడుస్తుంది తాతా, మనం చూడనక్కర్లేదు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పక్కనున్న, లోపలి నీళ్ళ మట్టం చూపే గాజు గొట్టం దగ్గరికెళ్ళి కింది కాక్ తిప్పాడు. బుస్సుమని ఆవిరి, నీళ్ళు బయటికొచ్చాయి. కాక్ కట్టేశాడు. నీళ్ళు ఒక్క ఉదుటున గొట్టంలోకి ఎగిసి, అటూ ఇటూ ఊగి, ఒక చోట నిలబడ్డాయి. నిలబడ్డాయి అన్నానే గానీ, సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

"అబ్బోడా, అద్దం చూడొద్దు. అద్దం ఊదు, ఆ తర్వాత చూడు" అన్నాడు. "ఊపిరున్న నీళ్ళు ఊగుతాయి. ఊగకపోతే అవి బాయిలర్ నీళ్ళు కావు."

ఆ గాజు గొట్టాన్ని ఆయన అద్దం అనేవాడు, అలా కాక్ తిప్పి దాన్ని ఖాళీ చేసి మళ్ళీ నిండనివ్వడమే ఊదడం. రైల్లో డ్యూటీ ఎక్కగానే వాళ్ళు చేసే మొదటి పని అదేనట. ఇంజన్‌లో కొలిమి నెత్తిన సీసం పోసిన బిరడా ఒకటుంటుందనీ, నీళ్ళు తగ్గి కొలిమి నెత్తి బయటపడితే 327 డిగ్రీల దగ్గర సీసం కరిగిపోయి ఆవిరి మంట మీదికి దూకుతుందనీ చెప్పాడు. బిరడా కరిగించిన ఫైర్‌మన్‌కి షెడ్డులో తలెత్తుకునే వీలుండేది కాదట. నేను విన్నాను, తలూపాను, మరిచిపోయాను. ఆటోమేటిక్ పంపు ఉంది కదా అన్న ధీమా.

కొన్నేళ్ళు గడిచాయి. తాత పోయాడు. ఒక పుష్యమాసం పొద్దున, మంచు ఇంకా విడలేదు. రెండు సంచుల గూళ్ళు ఉడకాల్సి ఉన్నాయి. నేను కట్టెలు సర్దుతూ గాజు గొట్టం వైపు చూశాను, నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి. మీటరు మూడు కిలోల దగ్గర ఉంది. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. మా ఆవిడ తొట్టి దగ్గర కొసలు వెతుకుతూ చెయ్యి ఆపి, "ఏమయ్యా, పంపు మోగి శానాసేపయిందే?" అంది.

మా పంపు ఐదారు నిమిషాలకోసారి మోగుతుంది. ఏళ్ళ తరబడి వింటూ మాకు అది గోడ గడియారం టిక్కుటిక్కులాగా అయిపోయింది. వినబడుతున్నా విననట్టే ఉండేది. ఆమె చెవి మాత్రం దాన్ని లెక్కపెడుతూనే ఉంది. నేను మళ్ళీ గాజు గొట్టం వైపు చూశాను. నీళ్ళున్నాయి. ఈసారి ముఖం దగ్గర పెట్టి చూశాను. ఆ నీళ్ళు కదలడం లేదు. గ్లాసులో పోసి బల్లమీద పెట్టినట్టు, గీత గీసినట్టు, నిశ్చలంగా ఉన్నాయి. పైన ఇనుము మీది రంగు వేడెక్కిన వాసన సన్నగా ముక్కుకు తగిలింది. నా గుండె జారిపోయింది. తాత మాట చెవిలో మోగింది.

అప్పుడు నా చెయ్యి పోయింది ఎక్కడికో తెలుసా? పంపు స్విచ్ మీదికి. నీళ్ళు లేవు కదా, నీళ్ళు పట్టిద్దాం అని. ఎవరికైనా ముందు అదే తోస్తుంది. చెయ్యకూడనిదీ అదే. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో మీకు తెలుసు. కాలిన గొట్టాల మీద చల్లటి నీళ్ళు పడితే ఆ ఒక్క నిమిషంలో పుట్టే ఆవిరిని ఏ వాల్వూ వదల్లేదు, ఆ చలికి ఇనుమూ బిగుసుకొని చీలుతుంది. దేవుడి దయ, చెయ్యి స్విచ్ దాకా పోయి ఆగింది. ఆడవాళ్ళను బయటికి పొమ్మన్నాను. కొలిమి గాలి ఫ్యాను ఆపాను. కట్టె నిప్పు దీపం కాదు, స్విచ్ ఆపితే ఆరిపోదు. ఫ్యాను ఆగినా నిప్పులు గంటసేపు వేడి పోస్తూనే ఉంటాయి. బూడిద కుప్పలోంచి పారతో తీసి నిప్పుల మీద దట్టంగా కప్పేశాను. పొగగొట్టం మూత దించాను. సేఫ్టీ వాల్వు ముట్టుకోలేదు, ఒత్తిడిని ఒక్కసారిగా పోగొడితే లోపల ఉన్న కాస్త నీళ్ళూ పొంగి కాలిన ఇనుము మీద పడతాయి. నేనూ బయటికొచ్చి చింతచెట్టు కింద కూర్చున్నాను. సాయంత్రం దాకా ఎవరూ షెడ్డులోకి పోలేదు. ఆ రెండు సంచుల గూళ్ళల్లో కొన్ని పాడయ్యాయి. పోనీలే అనుకున్నాం.

మర్నాడు చల్లారాక చేతి రంధ్రం మూత విప్పి టార్చి వేసి చూశాను. గొట్టాల పైకొసలు నీళ్ళకు నాలుగు వేళ్ళ ఎత్తున బయటపడి ఉన్నాయి. వాటి ఇనుము నెమలిమెడ రంగులో నీలంగా మెరుస్తోంది. ఉక్కు 300 డిగ్రీల దాకా కాగితే ఆ నీలం వస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. నా జీవితంలో నన్ను అంత భయపెట్టిన రంగు మరొకటి లేదు.

ఎందుకిలా అయిందని వెతికితే దొంగ సున్నమే. గాజు గొట్టం కింది కాక్ సందు చీపురుపుల్ల కూడా దూరనంతగా పూడిపోయింది. పై సందు తెరిచి ఉంది. అందుకని గొట్టంలో ముందెప్పుడో ఎక్కిన నీళ్ళు అక్కడే బందీ అయి నిలబడ్డాయి, లోపల నీళ్ళు దిగిపోతున్నా వీటికి కబురు లేదు. మరి పంపు కంట్రోలు? నీళ్ళను తాకే కడ్డీ లోపల వేలాడుతూ ఉంటుంది. నీళ్ళు తగిలినంతసేపూ దాని గుండా బాయిలర్ గోడకు చిన్న కరెంటు పారుతుంది, నీళ్ళు దిగితే ఆగుతుంది, అప్పుడు పంపు నడుస్తుంది. ఆ కడ్డీ మెడకు తడి సున్నం పట్టి గోడకు అంటుకుంది. నీళ్ళు దిగిపోయినా ఆ తడి పెంకు గుండా కరెంటు పారుతూనే ఉంది. నీళ్ళున్నాయనే పెట్టె అనుకుంది. చూడండి, ఇద్దరు సాక్షులూ ఒకే నోటితో ఒకే అబద్ధం చెప్పారు, ఇద్దరి నోరూ మూయించింది ఒకే సున్నం. ఒకటి చెడిపోతే ఇంకొకటి కాపాడుతుందని రెండు పెట్టుకుంటాం. రెండిటినీ చెడగొట్టేది ఒకటే అయినప్పుడు రెండున్నా ఒకటున్నా ఒకటే. మూడో సాక్షి మా ఆవిడ చెవి. అది చట్టంలో లేదు, యంత్రంలో లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో శనివారం పొద్దున ఒక గంట బాయిలర్‌ది. గూళ్ళు ఎన్నున్నా సరే. బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నది కూడా ఆ సంఘటన తర్వాతే. ఆ గంటలో ఏం చేస్తానో చెబుతాను. సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గర లేకుండా ఎవరూ ఇది ప్రయత్నించకండి.

నిప్పు వెయ్యకముందే గాజు గొట్టంలో నీళ్ళు చూసుకుంటాను. నెత్తిన ఉన్న గాలి కాక్ తెరుస్తాను. రాత్రి చల్లారినప్పుడు ఆవిరి నీళ్ళయిపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది, అది రబ్బరు వాషర్లను లోపలికి పీలుస్తుంది. గాలి కాక్ తెరిస్తే ఆ పీడ పోతుంది. పొద్దున నీళ్ళు కాగుతున్నప్పుడు లోపలి గాలి అంతా అక్కడి నుంచే పోవాలి, తెల్లటి ఆవిరి ధారగా వచ్చాకే మూస్తాను. చిన్న మంటతో మొదలుపెడతాను. లోపలి గొట్టాలు ముందు కాగుతాయి, బయటి గోడ తర్వాత కాగుతుంది, తొందరపెడితే ఒకటి సాగి ఒకటి సాగక అతుకుల దగ్గర గింజుకుంటాయి.

రెండు కిలోలు దాటాక కంట్రోలు మీట ఆటో నుంచి చేతికి తిప్పుతాను. ఇక ఆ క్షణం నుంచి నీళ్ళకు పూచీ నాది. గాజు గొట్టం వదిలి రెండడుగులు కూడా పోను. ఫోను మోగినా తియ్యను. మొదట అద్దం ఊదడం. నీళ్ళ వైపు కాక్ మూసి అడుగు కాక్ తెరిస్తే ఒట్టి ఆవిరి బుసకొట్టాలి. ఆవిరి వైపు మూసి నీళ్ళ వైపు తెరిస్తే నీళ్ళు దూకాలి. ఆఖర్న రెండూ తెరిచి అడుగు కాక్ మూస్తే నీళ్ళు చటుక్కున పైకి ఎగిసి ఊగాలి. నీరసంగా, చీమ పాకినట్టు పైకొస్తే సందు పూడుతోందన్న మాటే, ఆ రోజు పని లేదు, చల్లార్చి విప్పాల్సిందే.

తర్వాత నీళ్ళ కడ్డీ పరీక్ష. మంట తగ్గించి, అడుగు వాల్వు కొద్దికొద్దిగా తెరిచి నీళ్ళు నెమ్మదిగా దించుతాను. గాజు గొట్టం మీద ఎర్ర రంగుతో గీత ఒకటి గీసుకున్నాను. నీళ్ళు ఆ గీత దగ్గరికి రాగానే పెట్టెలో దీపం వెలగాలి, గంట మోగాలి, ఫ్యాను ఆగాలి. గీత దాటి వేలెడు దిగినా మోగకపోతే అక్కడే ఆపేసి, నీళ్ళు ఇంకా అద్దంలో కనబడుతుండగానే పంపు నా చేత్తో నడిపి నింపుతాను, మంట తీసేస్తాను, కడ్డీ శుభ్రం చేసేదాకా బాయిలర్ వెలగదు. నీళ్ళు అద్దంలో కనబడుతున్నంతవరకే నీళ్ళు పట్టించే హక్కు మనకుంది. అద్దం కిందికి పోయాయా, ఇక బూడిదే దిక్కు.

సేఫ్టీ వాల్వు తోకను కూడా ఆ రోజే ఒకసారి ఎత్తి వదులుతాను. ఒత్తిడి బాగా ఉన్నప్పుడే ఎత్తాలి. లేకపోతే మురికి, సున్నం వాల్వు సీటు మీద ఇరుక్కొని ఆ తర్వాత కారుతూ ఉంటుంది. కారుతోందని దానికి బరువులు కట్టేవాళ్ళున్నారు. తీగతో బిగించేవాళ్ళున్నారు. వాళ్ళ ఇంటి ముందు నిలబడి చేతులు జోడించి చెప్పాలనిపిస్తుంది నాకు, అయ్యా, ఆ తీగ విప్పండి అని.

బురద వదిలే పని వారానికోసారి కాదు, రోజూ పొద్దున్నే, మంట పెరగకముందు. రాత్రంతా నిలబడ్డ నీళ్ళల్లో సున్నం అడుగున కూర్చుని ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరిచి, నాలుగైదు సెకన్లు ఉంచి, మూసెయ్యాలి. మొదటి నీళ్ళు మజ్జిగలా వస్తాయి. తేటపడేదాకా అలా రెండు మూడుసార్లు. ఇప్పుడు మెత్తనీళ్ళ గొట్టం కూడా పెట్టాను, అందులోని రెసిన్ గుళికలు సున్నాన్ని పట్టుకొని ఉప్పులోని సోడియాన్ని వదులుతాయి. దానికి ఉప్పునీళ్ళు తాగించి మళ్ళీ బతికిస్తూ ఉండాలి. ఉప్పు కిలో ఎంత, కట్టె టన్ను ఎంత, లెక్క చూసుకుంటే అది ఖర్చు కాదు.

మా వైపు చింతపండుకు కొదవలేదు. చింతపండుతో రాగి బిందెలు తళతళలాడతాయి కదా, బాయిలర్‌లో వేస్తే సున్నం కరుగుతుందని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. సున్నం కరుగుతుంది, నిజమే. పులుపు అక్కడితో ఆగదు, ఇనుమును కూడా తింటుంది. మూతబిగించిన చోట, 143 డిగ్రీల దగ్గర, ఎంత తిన్నదో బయటికి కనబడదు. దయచేసి ఎవరూ చెయ్యకండి. పెంకు బాగా పట్టితే చల్లార్చి విప్పి, సుత్తీ బ్రష్షుతో కొట్టించండి, లేదా తెలిసిన మేస్త్రీని పిలిపించి కొలిచి మందు వేయించండి.

ఇంత చిన్నదానికి చట్టం ఎందుకు అని అడుగుతుంటారు. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు పోయాక, మరుసటి ఏడు బెంగాల్‌లో తనిఖీకి చట్టం తెచ్చారు. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో వచ్చింది, ఈమధ్య 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్ల లోపువాటికీ, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపు ఒత్తిడితో నడిచేవాటికీ మినహాయింపు ఉంది. మా రెండు వందల లీటర్లదానికి లేదు. ఇంటి వెనక ఉన్నా, ఫ్యాక్టరీలో ఉన్నా ఆవిరికి తేడా తెలియదు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, చల్లటి నీళ్ళు నిండా పట్టించి, నడిపే ఒత్తిడికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. గాలి కాదు, నీళ్ళే ఎందుకంటే, చల్లటి నీళ్ళు నొక్కితే నలగవు. ఎక్కడైనా చీలితే కాస్త కారి ఊరుకుంటాయి, గాలిలా విరుచుకుపడవు. అంతా బాగుంటే బాయిలర్‌కి ఇచ్చే సర్టిఫికెట్ పన్నెండు నెలలకు మించి చెల్లదు. తనిఖీ రోజున కొందరు ఇంట్లో చావు కబురు వచ్చినట్టు ముఖం పెడతారు. నేను మాత్రం ఆయనకు టిఫిను పెట్టి, టార్చి పట్టుకొని వెనకే తిరుగుతాను. నా ఇంటి మనుషులు కూర్చునే గోడకు అవతల ఉన్న దాన్ని ఇంకొక జత కళ్ళు చూస్తున్నందుకు సంతోషిస్తాను.

మా అబ్బాయి ఈ పనిలోకి వచ్చి రెండేళ్ళయింది. వాడికి కంట్రోలు పెట్టెలూ, ఫోనుకు కబురంపే మీటర్లూ ఇష్టం. పెట్టమన్నాను, పెట్టాడు, మంచివే. వాడికి నేను మొదట నేర్పింది మాత్రం అద్దం ఊదడం. పోయిన శనివారం వాడు ఒక్కడే చేశాడు, నేను పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాను. అడుగు కాక్ మూయగానే నీళ్ళు గొట్టంలోకి ఎగిసి, ఊగి, వణుకుతూ సగం దగ్గర ఆగాయి. వాడు సుద్దముక్క తీసుకొని షెడ్డు తలుపు మీద తేదీ వేశాడు. ఆ తలుపు మీద పైనుంచి కిందికి వరసగా అన్నీ శనివారం తేదీలే.

తొట్ల దగ్గర మా ఆవిడ తలెత్తకుండానే అడిగింది, "పంపు ఆటోలో పెట్టినారా నాయనా?" అని. వాడు మీట తిప్పాడు. కాసేపటికి పంపు మోగింది. ఆమె మళ్ళీ కొస వెతుక్కోవడంలో పడింది.